తాగని గహ్వా

కువైట్ ఎడారిలో కబ్ద్ అనే చోట, ఒక పెద్దాయన పశువుల ఫారంలో నా ఉద్యోగం కాఫీ పోయడం. వంట కాదు, వడ్డన కాదు, కాఫీ పోయడమే. కోనసీమలో ఉన్న మా మావయ్యకి ఫోన్‌లో ఈ సంగతి చెబితే "అదేం ఉద్యోగంరా అబ్బాయ్, మీ అమ్మ రోజూ పొద్దున్నే ఊరికే చేస్తాది గదా" అన్నాడు. నాకూ మొదట్లో నామోషీగానే ఉండేది. డ్రైవర్ ఉద్యోగమని ఏజెంటు చెబితే నమ్మి వచ్చినవాణ్ణి, స్టీరింగు బదులు ఇత్తడి కూజా చేతికొచ్చింది.

ఆ కూజాని దల్లా అంటారు. దాన్ని ఎడమచేత్తో పట్టుకోవాలి. కుడిచేతిలో ఒకదానిలో ఒకటి దూర్చిన చిన్న పింగాణీ కప్పులుంటాయి, అవి ఫింజాన్లు. కప్పు అడుగున కాస్తే పోయాలి. నిండా పోస్తే ఇక తాగి వెళ్ళమన్నట్టట. వచ్చినవాడు చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి తిరిగిస్తాడు. ఊపకుండా ఇస్తే మళ్ళీ పోయాలి. వాళ్ళ కాఫీ పేరు గహ్వా. పాలుండవు, చక్కెర ఉండదు. పచ్చగా, యాలకుల వాసనతో ఉంటుంది. మొదటిసారి నోట్లో పోసుకున్నప్పుడు మా నాయనమ్మ జ్వరానికి కాచే కషాయం గుర్తొచ్చి ముఖం చిట్లించాను. ఇప్పుడు అది పడకపోతే తలనొప్పి వస్తుంది.

పెద్దాయన్ని పనివాళ్ళందరం బాబా అనేవాళ్ళం. లారీలు, నీళ్ళ ట్యాంకర్లు, డీజిల్ ట్యాంకర్లు ఆయన వ్యాపారం. యార్డు చూసుకునేది కొడుకులు, మాట మాత్రం ఆయనది. సాయంత్రాలు ఫారంలోని దివానియాలో కూర్చునేవాడు. గోడల పొడుగునా పరుపులు పరిచిన పెద్ద గది అది, మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే చోటు. వచ్చేవాళ్ళలో సగం మంది కబుర్లకి వస్తారు, మిగతా సగం ఏదో అడగడానికి వస్తారు. ఎవరు ఏ సగమో గుమ్మంలో చెప్పులు విప్పే తీరులోనే నాకు తెలిసిపోయేది.

అడగడానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. పెద్ద కోరిక ఉన్నవాడు నోరు తెరిచి అడగడు. నేను పోసిన కప్పు అందుకుని, తాగకుండా తన ముందు నేలమీద పెడతాడు. అంతే. గది గదంతా దాన్ని చూస్తుంది. కాసేపటికి ఇంటాయన "నీ గహ్వా తాగు" అంటే కోరిక తీరినట్టు. అలా అనకపోతే వచ్చినవాడు తాగకుండానే లేచిపోతాడు, అది ఆ ఇంటికి తలవంపు. అందుకని కప్పు కిందపెట్టాక కాదనడం చాలా కష్టం.

ఇదంతా నాకెవరూ ముందుగా చెప్పలేదు. చేరిన కొత్తలో బాబా చుట్టం ఒకాయన వచ్చి కప్పు తీసుకుని కింద పెట్టుకున్నాడు. బాబా దగ్గరున్న పందెపు ఒంటె మీద ఆయనకి ఎప్పటినుంచో కన్ను. నేను చూస్తున్నాను, కాఫీ చల్లారిపోతోంది. మా ఇంట్లో వచ్చినవాడి ముందు కాఫీ చల్లారితే మా అమ్మ నన్ను కళ్ళతోనే కాల్చేసేది. గబగబా వెళ్ళి, ఆ చల్లారింది ఎత్తి పారబోసి, వేరే కప్పులో వేడివేడిగా పోసి ఆయన చేతిలో పెట్టాను. అలవాటుకొద్దీ ఆయన గుక్కలో తాగేశాడు. తాగాక తెలిసింది, కోరిక తీరకుండానే తాగేశానని. గదిలో వాళ్ళు పగలబడి నవ్వారు, అందరికంటే గట్టిగా బాబా నవ్వాడు. "హిందీ కదా, పాపం వాడికేం తెలుసు" అన్నారెవరో. ఇండియా నుంచి వచ్చినవాణ్ణి వాళ్ళు హిందీ అంటారు. ఒంటె బాబా దగ్గరే ఉండిపోయింది, చుట్టం కూడా అలగలేదు. తప్పు చేసింది ఇల్లు కాదు, తెలియని పనివాడు.

మర్నాడు బాబా పిలిచి పద్ధతి మొత్తం వివరించాడు. వివరించి, "ఇక నీకు తెలిసింది. కానీ తెలియనట్టే ఉండు" అన్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ తిరుగుతుండే పూసల దండ మోకాలి మీద పెడితే నేను వెళ్ళి ఆ పొరపాటు చేయాలి. దండ చేతిలోనే తిరుగుతుంటే ఊరుకోవాలి. అలా నా అజ్ఞానం నాకు ఉద్యోగమైంది. రోజూ వచ్చేవాళ్ళకి ఈ నాటకం తెలుసు, తెలిసినా తెలియనట్టే ఉండేవాళ్ళు. కాదనిపించుకోవడం కంటే తెలివితక్కువ హిందీ చేత కప్పు మార్పించుకోవడం వాళ్ళకి మర్యాదగా ఉండేది. నాకు మాత్రం లోపల మండేది. ఏ పనైనా ఒక్కసారి సరిగ్గా చేశానని అనిపించుకోవాలని ఎవరికుండదు?

ఫారంలో గొర్రెల కాపరి ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, మెత్తటి మనిషి. ఆయనది ఏ దేశమో రాయను. అంతర్యుద్ధాలతో అలిసిపోయిన దేశాల్లో అదొకటి అనుకుంటే చాలు. ఆయనా నేనూ అరబిక్‌ని ముక్కలు ముక్కలుగా మాట్లాడుకునేవాళ్ళం. నన్ను సదీక్ అనేవాడు, అంటే స్నేహితుడు. మా ఇద్దరికీ అన్నం పెట్టేది వంటింట్లో పనిచేసే కడప ఆవిడ. ఆవిడ మిరపకాయ కారం తట్టుకున్న విదేశీయుడు ఆయనొక్కడే.

కాపరి దేశంలో ప్రభుత్వం మీద కొండల్లోని వాళ్ళు తిరగబడ్డారు. కాపరి ఒక్కగానొక్క కొడుకు ప్రభుత్వ సైన్యంలో ఉన్నాడు. కాపరి భార్యది కొండల వైపు పుట్టిల్లు. పట్నంలో బాంబులు మొదలయ్యాక ఆవిడ కూతుళ్ళను తీసుకుని పుట్టింటికి పోయింది. అంటే తల్లీ కూతుళ్ళు పైన, కొడుకు కింద శిబిరంలో. ఆ శిబిరానికి వెళ్ళే దారిని తిరుగుబాటుదారులు తెంపేశారు. లోపల డీజిల్ లేదు, పిండి అయిపోవస్తోంది. కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన గొర్రెలను వదిలేసి నా దగ్గరికొచ్చి చెప్పేవాడు. చెప్పేది ఎప్పుడూ ఒకటే. "బండ్లు రావాలి సదీక్. బండ్లొస్తే బతుకుతాడు."

సరిగ్గా ఆ రోజుల్లోనే బాబా కొడుకులు దివానియాలో ఆ దేశం గురించి మాట్లాడుకోవడం విన్నాను. కాఫీ పోసేవాడికి చెవులుండవని వాళ్ళ నమ్మకం. ఆ ప్రభుత్వానికి లారీలు అమ్మకూడదని పెద్ద దేశాలేవో ఆంక్ష పెట్టాయట. అందుకని కాగితాల మీద ఎవరూ అమ్మరు. పాత బండ్లు తుక్కు కింద తీసేశామంటారు, అవి ఎక్కడో ఒక రేవులో దిగుతాయి. వాటి వెంట డీజిల్, టైర్లు, ఇంకా మూతవేసిన పెట్టెలు ఏవో. ఇచ్చినవాడు లేడు, పుచ్చుకున్నవాడు లేడు. అంతా మాట్లాడుకోవడం అయిపోయింది, బాబా సరేననడమే మిగిలింది. ఆ మాటకోసం అక్కడి ప్రభుత్వం మనిషి ఒకడు వస్తున్నాడు.

ఈ సంగతి కాపరికి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గొర్రెల వాసన నా చొక్కాకి అంటుకుంది.

ఆ మనిషి ఒక చలికాలం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చాడు. మామూలు అద్దె కారు, మామూలు కోటు. అల్లుడు పిల్లనిచ్చినవారింటికి వచ్చినంత ఒద్దికగా కూర్చున్నాడు. నేను గహ్వా పోశాను. కప్పు అందుకుని, కళ్ళకద్దుకున్నంత పని చేసి, మెల్లిగా తివాచీ మీద పెట్టాడు. కొడుకులు మాటలాపేశారు. దల్లా పట్టుకుని నేను నా చోట నిలబడ్డాను.

బాబా పూసలు తిప్పుతున్నాడు. వర్షాల సంగతి అడిగాడు. వచ్చినాయన చెప్పాడు. ఒంటెల సంగతి అడిగాడు, అదీ చెప్పాడు. కప్పులోంచి ఆవిరి రావడం ఆగిపోయింది. అప్పుడు బాబా దండని తీసి మోకాలి మీద పెట్టాడు.

నేను చూశాను. స్పష్టంగా చూశాను. నా పని ఇప్పుడు నాలుగడుగులు వేసి, వెర్రిముఖం పెట్టి, ఆ కప్పు మార్చడం. ఎన్నోసార్లు చేసిన పనే. కానీ నేను కిటికీ వైపు చూస్తూ నిలబడిపోయాను. కిటికీలోంచి గొర్రెల దొడ్డి కనబడుతుంది. దొడ్డి కంచె దగ్గర కాపరి ఇటే చూస్తున్నాడు.

బాబా దండ మళ్ళీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ మోకాలి మీద పెట్టాడు, ఈసారి కాస్త చప్పుడయ్యేలా. నేను కదల్లేదు. కాఫీ చల్లారిందని తెలియని కాఫీవాడిలా నిలబడ్డాను. వచ్చినాయన తల వంచుకుని కప్పు వైపే చూస్తున్నాడు, మెడ మీద చెమట పట్టింది. పెద్ద కొడుకు దగ్గాడు. ఇక ఆ మౌనం ఇంటి పరువు మీదికి వచ్చేసింది.

"నీ గహ్వా తాగు" అన్నాడు బాబా.

వచ్చినాయన చల్లటి గహ్వాని ఒక్క గుక్కలో తాగి, కప్పు ఊపి నాకిచ్చాడు. ఒక దేశానికి రహస్యంగా సాయం చేయడానికి అనుమతి అలా దొరికింది. సంతకం లేదు, కాగితం లేదు, సాయం అన్న మాటైనా ఎవరూ అనలేదు. ఆ అనుమతి ఇచ్చింది బాబానా నేనా అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. ఆ సాయంత్రం మాత్రం ఆలోచించలేదు, చాలా సంతోషంగా ఉన్నాను.

రాత్రి అన్నాలప్పుడు కడప ఆవిడకి చెప్పాను. ఆవిడ రొట్టె కాలుస్తూనే విని, "ఏం పని చేస్తివి అన్నా? పెద్దోళ్ళ యవ్వారంలో నీకేం పని? రేపు ఆయప్ప ఖలాస్ అని పంపించేస్తే యాడికి పోతావ్?" అంది.

"ఆ కుర్రాడు బతుకుతాడు కదమ్మా" అన్నాను.

"ఆ పిల్లోడు బతికితే సంతోషమే. కానీ ఆ బండ్లు పిల్లోని కోసరమే పోతాండాయా?" అంది. ఆవిడకి అన్నీ వంకలే అనుకుని కంచంలోకి చూసుకున్నాను.

బాబా పంపించెయ్యలేదు. మర్నాడు పిలిచి, "దండ చూశావా?" అన్నాడు. చూశానన్నాను. అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. కాపరి కొడుకు సంగతి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"వాడొక్కడి కోసమైతే నేను ఒక్క బండి పంపేవాణ్ణి, ఎవరూ అడగక్కర్లేదు" అన్నాడు. "ఇది అలాంటిది కాదు. ఇచ్చి, ఇవ్వలేదని చెప్పాల్సిన వస్తువు. అలా ఇచ్చినదాని మీద మనకి మాట ఉండదు."

ఆ తర్వాత ఆయన దండ మోకాలి మీద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. కాఫీ పోయించుకున్నాడు, పేరుపెట్టి పిలిచాడు, పండగకి బట్టలిచ్చాడు. ఆ పని మాత్రం ఇక నాకు చెప్పలేదు. కాదనాల్సి వస్తే తనే ఏదో చెప్పుకుని తిప్పలు పడేవాడు. నాకు బాధేసింది. వెక్కిరింతగా మొదలైన ఉద్యోగమే అయినా నమ్మకం మీద నడిచింది కదా.

బండ్లు వెళ్ళాయి. దారి తెరుచుకుంది. ఒక మధ్యాహ్నం కాపరి ఫోన్ ఎత్తి పట్టుకుని దొడ్డిలోంచి పరిగెత్తుకొచ్చాడు, వెనక రెండు మేకలు కూడా. వీడియోలో కొడుకు. బుగ్గలు లోపలికి పోయాయి గాని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నాకు సలాం చెప్పాడు. లారీ ముందుసీట్లో కూర్చుని ఉన్నాడు. తలుపు మీద ఆకుపచ్చ గీత మీద మట్టిరంగు పూశారు గాని, రంగు కింద నుంచి గీత కనబడుతూనే ఉంది. మా యార్డు గీత అది. వంటింట్లో సేమ్యా పాయసం చేయించి ఆ రోజు పనివాళ్ళందరికీ పంచాం. కడప ఆవిడ కూడా నవ్వింది.

తర్వాత ఫోన్‌లో కొడుకు మాటలు మారాయి. ఇప్పుడు సైన్యం కిందే కూర్చోవడం లేదు, బండ్లున్నాయి కాబట్టి పైకి పోతోంది. ఒక్కో ఊరూ ఖాళీ చేయిస్తున్నామని చెప్పాడట. ఖాళీ చేయించడమంటే ఏమిటని తండ్రి అడిగితే మాట మార్చాడట. ఇంకోసారి చేసినప్పుడు, ముందున్న లోయ దాటితే అమ్మ వాళ్ళ ఊరే అన్నాడట. తన పైవాళ్ళకి చెప్పుకున్నాడు, ఆ ఊళ్ళో మా అమ్మ ఉందని. నోరు మూసుకోమన్నారు. కాపరి భార్య నంబరు నొక్కితే రింగవడం లేదు. కొండల్లో టవర్లు ఆపేశారని కొడుకే చెప్పాడు.

కడప ఆవిడ నా దగ్గరికొచ్చింది. "ఆ గొర్రెలాయన నిన్నట్నుంచి మెతుకు ముట్టలా అన్నా. పోయి పలకరించుపో" అంది. ముందే అన్నాను కదా అని ఆవిడ దెప్పొచ్చు, కానీ అనలేదు. అన్నా బాగుండేది.

వెళ్ళాను. ఆయన నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "బాబా ఒక్క ఫోన్ చేస్తే చాలు" అన్నాడు. "ఆ కోటు మనిషికి. ఆ ఒక్క ఊరూ వదిలేయమని. బండ్లు ఆయనవే కదా సదీక్."

ఆయనవి కావని ఎలా చెప్పాలి? తుక్కు కింద తీసేసిన బండ్లు అవి. ఆ ఊరు వదిలేయమని అడిగితే, బండ్లు నేనిచ్చానని బాబా ఒప్పుకున్నట్టే. ఇవ్వనివాడు షరతు ఎలా పెడతాడు? బాబా ఆ రోజు నాకు చెప్పింది ఇదేనని అప్పటికి గాని బుర్రకెక్కలేదు. ముక్కల అరబిక్‌లో ఇదంతా చెప్పబోయి సగంలో ఆపేశాను.

ఆ సాయంత్రం దివానియా నిండుగా ఉంది. కాపరి వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన దిష్‌దాషా, వాళ్ళ పొడుగు అరబ్బు చొక్కా, వేసుకున్నాడు. పనివాళ్ళు ఆ గదిలో కూర్చోరు. ఆయన గుమ్మం దగ్గర ఆఖరి పరుపు మీద కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. గుమ్మంలోకొచ్చి కూర్చున్నవాడు ఎవరైనా అతిథే. నేను వరసలో పోసుకుంటూ ఆయన దాకా వచ్చాను. నా చేతిలోంచి కప్పు తీసుకున్నాడు, నా ముఖం చూడలేదు. తన ముందు నేలమీద పెట్టాడు.

కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాపరి భార్య ఊరి సంగతి అప్పటికే ఫారమంతా పాకింది, అడిగేదేమిటో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. నేను బాబా మోకాలి వైపు చూశాను. నిజం చెబుతున్నాను, దండ అక్కడ పెట్టమని లోలోపల వేడుకున్నాను. పెడితే నేను వెళ్ళి కప్పు మార్చేవాణ్ణి. తెలియని హిందీ చేసిన పనయ్యేది. నాకు పద్ధతి తెలుసని కాపరికి తెలుసు, అయినా ఒక సాకు ఉండేది. లేదా "తాగు" అనేస్తే ఎంత బాగుండును అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి కోరుకున్నాను.

బాబా నా వైపు చూడనే లేదు. దండని జేబులో వేసుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి కష్టంగా లేచాడు. లేస్తుంటే గదిలో వాళ్ళందరూ లేచారు. వచ్చి నా ఎడమచేతిలోని దల్లా తీసుకున్నాడు, కుడిచేతిలోని కప్పుల్లోంచి ఒకటి లాక్కున్నాడు. గది చివరిదాకా నడిచి, కాపరి ముందు వంగి, చల్లారుతున్న కప్పు పక్కకి జరిపి, కొత్తదానిలో వేడిగా పోసి, రెండు చేతులతో ఇచ్చాడు. అంత పెద్దాయన తన చేత్తో ఒకరికి పోయడం అంతకుముందు నేను చూడలేదు. రాజులొచ్చినా నేనే పోసేవాణ్ణి.

అంత గౌరవం ఎదురుగా నిలబడితే ఎవరు వద్దంటారు? కాపరి లేచి నిలబడి అందుకున్నాడు. కొంచెం తివాచీ మీద ఒలికింది. మిగిలింది తాగాడు. తాగి కప్పు ఊపాడు. బాబా చెయ్యి చాపి ఉన్నాడు, కానీ ఆయన ఆ కప్పుని గదంతా దాటుకుని వచ్చి నా చేతిలో పెట్టాడు.

"గొర్రెలకి నీళ్ళు పెట్టాలి" అన్నాడు నాతో, ఎప్పుడూ చెప్పినట్టే.

బయట ఇంకా వెలుతురుంది. దొడ్డి వైపు నడుస్తూ ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. నేనా ఫారంలో ఉన్నన్నాళ్ళూ ఆయన భార్య నంబరు రింగవలేదు.